‘ఇంకొక్క ఆట’ ఎందుకు ఆగదు?

“ఇంకొక్క ఆట!” ఈ మాట ఇవాళ మన ఇళ్లలో వినిపించినంతగా మరే మాటా వినిపించదేమో. అన్నం చల్లారిపోతున్నదని అమ్మ పిలుస్తుంది. “వస్తున్నానమ్మా, ఇంకొక్క ఆట” అని జవాబు వస్తుంది. ఆ ఒక్కటీ అయిపోతుంది, మరొకటి మొదలవుతుంది. అన్నం చల్లారిపోనే పోతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. లెక్కల పుస్తకం ముందు అరగంట కుదురుగా కూర్చోలేని పిల్లవాడే సెల్‌ఫోను ముందు మూడు గంటలు కదలకుండా కూర్చుంటున్నాడు. ఆకలి తెలియదు, దాహం తెలియదు, పక్కన ఎవరు వచ్చారో తెలియదు. పెద్దలు దీన్ని బద్ధకం అంటారు, మొండితనం అంటారు. కాని కాస్త ఆలోచించండి. బద్ధకస్తుడు ఏ పనినైనా మూడు గంటలపాటు అంత శ్రద్ధగా చేయగలడా? చేయలేడు. కనుక మనం ప్రశ్నను తిప్పి అడగాలి. పిల్లవాడిలో ఏ లోపం ఉన్నదని కాదు, ఆటలో ఏమున్నదని అడగాలి. అప్పుడే జవాబు దొరుకుతుంది.

ఆ జవాబు కోసం ముందుగా సెల్‌ఫోను పక్కన పెట్టి, మన అమ్మమ్మలు ఆడిన ఒక ఆట దగ్గరికి వెళదాం.

గవ్వలు చెప్పే లెక్క

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు పల్లెల్లో అష్టాచెమ్మ తెలియని వారు అరుదు. అరుగు మీద సుద్దతో గళ్లు గీస్తారు. నలుగురు కూర్చుంటారు. నాలుగు గవ్వలు వేస్తారు. వెల్లకిలా పడిన గవ్వలు ఎన్ని ఉంటే అన్ని గళ్లు కాయను జరుపుతారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఊరూరికీ నియమాలు కొద్దిగా మారినా, అష్ట గాని చెమ్మ గాని పడితే మరొకసారి వేసే అవకాశం రావడం మాత్రం మామూలు. అందుకే అందరి కళ్లూ ఆ రెండింటి మీదనే ఉంటాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్కొక్క గవ్వ రెండు రకాలుగా పడవచ్చు. నాలుగు గవ్వలు కలిసి 2×2×2×2, అంటే 16 రకాలుగా పడవచ్చు. అందులో చెమ్మ 1, అష్ట 1. మిగిలిన 14 సార్లూ 1, 2, 3 మాత్రమే పడతాయి. అంటే సగటున 8 సార్లు వేస్తే ఒకసారి అష్టో చెమ్మో పడుతుంది. నిజమైన గవ్వకు వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఈ లెక్కలో కొంత తేడా వస్తుంది. లెక్క సరిగా రావాలంటే గవ్వలకు బదులు నాలుగు రూపాయి బిళ్లలు వేసి చూడండి.

‘సగటున’ అన్న మాటను గుర్తుంచుకోండి. సగటున 8 సార్లకు ఒకసారి అంటే, ప్రతి ఎనిమిదోసారీ పడుతుందని కాదు. ఒక్కొక్కప్పుడు వెంటవెంటనే రెండుసార్లు పడుతుంది. ఒక్కొక్కప్పుడు 20 సార్లు వేసినా పడదు. అలా 20 సార్లు పడకుండా పోయే అవకాశం వందకు సుమారు 7. ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తర్వాతి వేటుకే పడవచ్చునన్న ఆశ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు నియమాన్ని మార్చి చూడండి. ప్రతి ఎనిమిదోసారీ కచ్చితంగా చెమ్మ పడుతుంది, మధ్యలో ఎప్పుడూ పడదు అనుకుందాం. సగటు మారలేదు. వచ్చే చెమ్మల సంఖ్యా మారలేదు. కాని ఆ ఆట ఎవరైనా ఆడతారా? రెండు రోజుల్లో గవ్వలు అటక ఎక్కుతాయి. అంటే ఆటలోని రుచి చెమ్మలో లేదు. అది ఎప్పుడు పడుతుందో తెలియకపోవడంలో ఉంది.

ఎలుక నేర్పిన పాఠం

ఈ సంగతిని ప్రయోగశాలలో చూపిన వాడు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్. 1930 ప్రాంతాల్లో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలుకలతో ప్రయోగాలు చేస్తుండేవాడు. పెట్టెలో ఒక మీట ఉంటుంది. ఎలుక దాన్ని నొక్కితే ఒక తిండి గుళిక పడుతుంది. ఆ గుళికలను ఆయన చేతితో తయారు చేసుకోవలసి వచ్చేది. ఒక శనివారం చూస్తే, ఉన్న గుళికలు సోమవారం దాకా సరిపోయేట్టు లేవు. ‘నొక్కిన ప్రతిసారీ ఎందుకు ఇవ్వాలి? అప్పుడప్పుడు ఇస్తే ఏమవుతుంది?’ అనుకున్నాడు. ఇచ్చి చూశాడు. గుళికలు తగ్గినా ఎలుకలు మీట నొక్కడం మానలేదు!

తర్వాత ఆయన పావురాలతో చాలా ఏళ్లు ఇటువంటి ప్రయోగాలు చేసి, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో వాటి ఫలితాలను పెద్ద గ్రంథంగా ప్రచురించాడు. వాటిలో మనకు కావలసినవి రెండు. ఎన్నోసారికి తిండి వస్తుందో తెలియనప్పుడు జంతువు ఎడతెగకుండా, వేగంగా పని చేస్తుంది. తిండి పూర్తిగా ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు మానదు. ప్రతిసారీ తిండి దొరికిన జంతువు మాత్రం, తిండి ఆగిపోగానే త్వరగా మానేస్తుంది.

ఎందుకో ఊహించగలరా? ప్రతిసారీ వచ్చేది ఒకసారి రాకపోతే, ఏదో మారిందని వెంటనే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు వచ్చేది రాకపోతే, మారినట్టు ఎలా తెలుస్తుంది? ‘ఈసారి రాలేదు, మరోసారి వస్తుంది’ అనిపిస్తుంది. గవ్వల దగ్గర మనం అనుకునేదీ ఇదే. సెల్‌ఫోను దగ్గర ‘ఇంకొక్క ఆట’ అనిపించేదీ ఇదే.

మెదడులోని అంచనాల లెక్క

ఎలుకల పెట్టెలో ఏం జరిగిందో చూశాం. మరి మెదడు లోపల ఏం జరుగుతుంది?

మెదడు నడిమి భాగంలో కొన్ని ప్రత్యేకమైన నాడీకణాలున్నాయి. ఇవి డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. స్విట్జర్లాండులో వుల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో ఈ కణాలు ఎప్పుడు చురుకవుతాయో కొలిచి చూశాడు. కోతికి అనుకోకుండా కొద్దిగా పండ్ల రసం ఇచ్చినప్పుడు ఆ కణాలు ఒక్కసారిగా చురుకయ్యాయి. తర్వాత ముందుగా ఒక దీపం వెలిగించి, ఆ వెంటనే రసం ఇవ్వడం మొదలుపెట్టాడు. కోతి అది నేర్చుకున్నాక, దీపం వెలగగానే కణాలు చురుకయ్యాయి. రసం వచ్చినప్పుడు మాత్రం మామూలుగానే ఉన్నాయి. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో కణాలు మందగించాయి. ఈ ఫలితాల అర్థాన్ని 1997లో ఆయనా, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులూ కలిసి వివరించారు.

మన ఇంటి ఉదాహరణ చెప్పుకుందాం. సంక్రాంతికి సకినాలు ఉంటాయని మీకు తెలుసు. తింటారు, బాగుంటాయి. కాని ఏ పండుగా లేని రోజున బడి నుంచి రాగానే పళ్లెంలో సకినాలు కనిపిస్తే? సకినాలు అవే అయినా మనసు గంతులేస్తుంది. చేస్తానన్న రోజున చేయకపోతే ముఖం వాడిపోతుంది. అంటే డోపమిన్ కణాలు వచ్చిన బహుమానాన్ని లెక్కపెట్టడం లేదు. అనుకున్న దానికీ వచ్చిన దానికీ గల తేడాను లెక్కపెడుతున్నాయి. అనుకున్న దానికంటే మేలు జరిగితే ‘ఈ పని మళ్లీ చెయ్యి’ అని మెదడుకు చెబుతాయి. మనం నడక నేర్చినా, ఈత నేర్చినా, సైకిలు నేర్చినా ఈ లెక్క సాయంతోనే నేర్చుకున్నాం.

2003లో షుల్జ్ బృందం మరో సంగతి కనిపెట్టింది. రసం వచ్చే అవకాశమూ రాని అవకాశమూ సగం సగం ఉన్నప్పుడు, అంటే అనిశ్చితి ఎక్కువగా ఉన్నప్పుడు, దీపానికీ రసానికీ మధ్య ఎదురుచూసే సమయంలో ఆ కణాల చురుకుదనం క్రమంగా పెరుగుతూ పోయింది. గవ్వలు చేతిలో గలగలలాడుతున్నప్పుడు అందరూ ఊపిరి బిగబట్టే క్షణం మీకు తెలుసు కదా? అటువంటిదే ఇది.

మరి వీడియో ఆట సంగతి? 1998లో లండన్‌లోని శాస్త్రజ్ఞులు 8 మంది మగవాళ్లచేత తెర మీద ట్యాంకు నడిపే ఒక ఆట ఆడించి, ఆ సమయంలో వారి మెదడును ప్రత్యేక యంత్రంతో పరిశీలించారు. ఆట సాగుతున్నప్పుడు మెదడు లోపలి భాగంలో డోపమిన్ విడుదల పెరిగినట్టు తేలింది. ఇది విని భయపడనక్కర లేదు. ఆకలేసినప్పుడు అన్నం చూసినా, మిత్రుడు ఎదురైనా డోపమిన్ పనిచేస్తుంది. అది రోగానికి గుర్తు కాదు. ఆట మన మెదడులోని నేర్చుకునే యంత్రాన్నే పట్టుకుంటున్నదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తున్నది.

కోరిక వేరు, ఆనందం వేరు

చాలామంది డోపమిన్‌ను ‘ఆనంద రసాయనం’ అంటుంటారు. అది పూర్తిగా సరికాదు. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల్లో డోపమిన్‌ను దాదాపు లేకుండా చేసి చూశాడు. నోట్లో తీపి వేస్తే అవి ఎప్పటిలాగే ఇష్టంగా పెదవులు నాకాయి. అంటే ఆనందం పోలేదు. కాని ఎదుట తిండి ఉన్నా దాని దగ్గరికి వెళ్లి తినడానికి పూనుకోలేదు. పోయింది కోరిక!

కోరికకూ ఆనందానికీ మెదడులో దారులు వేరువేరని దీనివల్ల తెలిసింది. ఇప్పుడు ఒక చిక్కుముడి విడిపోతుంది. “సార్, ఆడుతుంటే నాకే విసుగొస్తోంది. అయినా వదలబుద్ధి కావడం లేదు” అని కొందరు పిల్లలు చెబుతుంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. ఆటలో ఆనందం గంట క్రితమే అయిపోయింది. కోరిక మాత్రం ఇంకా బండిని లాగుతూనే ఉంది.

కష్టం సరితూగాలి

అనిశ్చితి ఒక్కటే ఆటను నిలబెట్టదు. కష్టం కూడా సరిపాళ్లలో ఉండాలి. కచ్చకాయలాటలో ముందు ఒక రాయి ఎగరేసి ఒకటి ఏరుతారు, తర్వాత రెండు, తర్వాత మూడు. మొదటే నాలుగు ఏరమంటే కొత్తవాళ్లు వదిలిపెట్టి వెళ్లిపోతారు. ఎప్పటికీ ఒకటే ఏరమంటే నేర్చినవాళ్లకు నిద్ర వస్తుంది. పని మన శక్తికి అంగుళం మించి ఉన్నప్పుడు మనిషి తనను తాను మరచి అందులో లీనమవుతాడని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1970 దశాబ్దంలో వివరించాడు. చిత్రకారులు, పర్వతారోహకులు, చదరంగం ఆడేవారు అందరిలోనూ ఆయనకు ఈ లక్షణమే కనిపించింది.

వీడియో ఆటల్లో ఇది ఒక వింత సంఘటనతో వచ్చింది. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ అనే ఆట తయారు చేశాడు. పై నుంచి శత్రువులు వరుసగా దిగుతుంటారు, మనం కాల్చాలి. ఆనాటి యంత్రానికి అన్ని బొమ్మలనూ వేగంగా కదిలించే శక్తి లేదు. శత్రువులు చచ్చేకొద్దీ కదిలించవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవి వేగంగా దిగసాగాయి. యంత్రం బలహీనతవల్ల వచ్చిన ఈ మార్పును నిషికాడో సరిదిద్దలేదు, అలాగే ఉంచాడు. ఆడేవాడి చెయ్యి తిరిగేకొద్దీ ఆటా కష్టమైంది. ఆ తర్వాత వచ్చిన చాలా ఆటలు ఈ కిటుకును తెలిసి వాడుకున్నాయి.

దీనికి తోడు మరొకటి: వెంటనే ఫలితం. మీరు పరీక్ష రాస్తే, తప్పెక్కడో తెలియడానికి పదిహేను రోజులు పడుతుంది. అప్పటికి ఆ ప్రశ్నే మరచిపోతారు. ఆటలో తప్పు చేస్తే క్షణంలో తెలుస్తుంది, మరుక్షణంలో సరిదిద్దుకోవచ్చు. మా ఉపాధ్యాయులం ఆట నుంచి నేర్చుకోవలసిన సంగతి ఇక్కడొకటి ఉంది.

చీకటి పడని ఆట

ఇంతవరకు చెప్పినవన్నీ పాత ఆటల్లోనూ ఉన్నాయి. అనిశ్చితి అష్టాచెమ్మలో ఉంది, పెరిగే కష్టం కచ్చకాయల్లో ఉంది. మరి అష్టాచెమ్మ ఆడి ఎవరి చదువూ చెడినట్టు మనం వినలేదే! తేడా ఎక్కడ?

తేడా ముగింపులో ఉంది. అష్టాచెమ్మలో కాయలన్నీ పండితే ఆట అయిపోతుంది. గోటీలాటలో జేబు ఖాళీ అయితే ఇంటికి పోవలసిందే. చిర్రగోనె చీకటి పడితే ఆగిపోతుంది. ఓనగుంటల్లో ఎదుటి మనిషికి ఎసరు పెట్టే వేళయితే లేచి వెళుతుంది. ఆటను ఆపడానికి మనం మనసును బిగబట్టనక్కర లేదు. సూర్యుడు, ఆకలి, అమ్మ పిలుపు, తోటివారి అలసట ఆ పని చేసేవి.

యంత్రం మీది ఆటకు ఇవేవీ లేవు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన ‘టెట్రిస్’ చూడండి. పై నుంచి ముక్కలు పడుతుంటాయి. సరిగా పేర్చిన వరుస మాయమవుతుంది. సరిగా పేర్చనిది మాత్రం కళ్లెదుటే ఉండిపోతుంది. అంటే చేసిన మంచి పని కనిపించదు, చేయవలసిన పనే కనిపిస్తుంటుంది! మామూలుగా ఆడే టెట్రిస్‌లో గెలుపు అనేది లేదు. ఓడిపోయేదాకా ఆడడమే. ఓడిపోతే? ఇంకొక్క ఆట.

అయినా ఆ రోజుల్లో ఒక అడ్డు ఉండేది. పట్నాల్లో వీడియో ఆటల దుకాణాల్లో ఒక ఆటకు ఒక బిళ్ల వేయాలి. బిళ్లలు అయిపోతే ఆట బంద్. సెల్‌ఫోను ఆ అడ్డును కూడా తీసేసింది. చాలా ఆటలు ‘ఉచితం’ అంటాయి. మరి వాటిని తయారుచేసే సంస్థలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మనం చూసే ప్రకటనల నుంచి, ఆటలో కొనే దుస్తులు, ఆయుధాలు, పెట్టెల నుంచి. మనం ఎంతసేపు ఆడితే వారికి అంత లాభం. అందుకని ఆట ముగియకుండా ఉండేందుకు తెలివైన ఇంజనీర్లు పని చేస్తుంటారు. రోజూ వస్తే బహుమానం, ఒక రోజు మానితే పోయినట్టే. జట్టులో నలుగురు మిత్రులు, మీరు లేస్తే వారు ఓడిపోతారు. పడుకోబోతుంటే ఫోను మోగుతుంది, ‘మీ కోట మీద దాడి జరిగింది!’

ఇక ఆ పెట్టెల సంగతి. డబ్బు చెల్లించి పెట్టె తెరిస్తే లోపల గొప్ప వస్తువు ఉండవచ్చు, పనికిరానిది ఉండవచ్చు. ఇవి గవ్వలే కదా అంటారేమో. ఒక పెద్ద భేదం ఉంది. గవ్వకు యజమాని లేడు. అది ఎవరి వేళ్ల నుంచి జారినా పదహారింటి లెక్కే వర్తిస్తుంది. పెట్టెలో గొప్ప వస్తువు ఎన్నింటికి ఒకటి రావాలో మాత్రం దాన్ని అమ్మే సంస్థే నిర్ణయిస్తుంది. ఇటువంటి డబ్బు పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం దేశపు అధికారులు తేల్చారు.

ఇంటింటికీ వచ్చిన ఫోను

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్లలో, పాఠాలూ ఇంటిపనీ పంపుకోవడానికి ఫోను కొనక తప్పలేదు. అమ్మ బీడీలు చుట్టిన డబ్బుతో, నాన్న దుబాయి నుంచో మస్కట్ నుంచో పంపిన డబ్బుతో ఎన్నో ఇళ్లలోకి ఫోను వచ్చింది. పాఠం కోసం వచ్చిన ఫోనులోనే ఆటా వచ్చింది. బడులు తెరిచాక పాఠం బడికి వెళ్లిపోయింది, ఆట ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఫోనుకే బ్యాంకు ఖాతా కూడా తోడైంది. ఎడారి ఎండలో నాన్న నెలంతా కష్టపడి పంపిన డబ్బుకూ, తెర మీద మెరిసే పెట్టెకూ మధ్య ఉన్న దూరం ఒక్క వేలి నొక్కుడు. వెయ్యి బీడీలు చుట్టడానికి అమ్మ వేళ్లు ఎన్నిసార్లు కదులుతాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. అప్పుడు ఆ ఒక్క నొక్కుడు విలువ తెలుస్తుంది.

పందెం ఆటలైతే మరీ ప్రమాదం. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లో జూద చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం అవసరమే. కాని ఒక ఆటను ఆపితే మరొకటి వస్తుంది. 2020 సెప్టెంబరులో మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2021లో అదే తీరు ఆట మరో పేరుతో వచ్చింది. పేరు మారినా మెదడు మారదు కదా!

అందరూ బానిసలవుతారా?

కారు. ఆడేవారిలో ఎక్కువమంది ఆడతారు, లేస్తారు, తమ పని చూసుకుంటారు. ఆటలు చూపును, చేతిని చురుకు చేస్తాయి, మిత్రులను కలుపుతాయి. కొద్దిమందికి మాత్రం ఆట చేయిదాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీన్ని ఒక రుగ్మతగా చేర్చింది. గుర్తులు మూడు. ఒకటి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన అదుపులో లేకపోవడం. రెండు, తిండి, నిద్ర, చదువు, స్నేహం అన్నింటికంటే ఆటే ముందుకు రావడం. మూడు, నష్టం జరుగుతున్నదని తెలిసినా మానలేకపోవడం. ఇవి సాధారణంగా ఏడాదిపాటు సాగి, బతుకును దెబ్బతీస్తుంటేనే దాన్ని రుగ్మత అంటారు. పరీక్షలైపోయాక రెండు రోజులు ఆడినవాడిని రోగి అనకూడదు.

మీ వయసులో ఒక ఇబ్బంది ఉన్నమాట నిజం. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం మనను ఆపుతుంది, ముందుచూపు ఇస్తుంది. అది పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుంది. కోరికను రేపే భాగాలు అంతకంటే ముందే బలపడతాయి. బండికి ఎద్దులు వచ్చాయి, పగ్గాలు ఇంకా పేనుతున్నారన్నమాట. అటువంటప్పుడు ఎదుటి పక్షాన వందలమంది ఇంజనీర్లు ఉంటే, ఒంటరి పిల్లవాడు మనోబలంతో గెలవాలనడం న్యాయం కాదు. తిట్టడంవల్ల, కొట్టడంవల్ల పగ్గాలు పెరగవు.

పై మూడు గుర్తులూ మీలో గాని మీ మిత్రునిలో గాని కనిపిస్తే దాచకండి. ఇంట్లో పెద్దలకో, నమ్మకమున్న ఉపాధ్యాయునికో చెప్పండి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘టెలి మానస్’కు 14416 నంబరులో ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇటువంటివారి కోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ ఉంది. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎంత మామూలో ఇదీ అంతే.

ఆటకు గట్టు వేద్దాం

పాత ఆటలకు ముగింపు బయటినుంచి వచ్చేది. ఈ ఆటకు అది రాదు. కాబట్టి మనమే తయారు చేసుకోవాలి. పొలానికి గట్టు వేసినట్టు ఆటకూ గట్టు వేయాలి. గట్టును వానకు ముందే వేస్తారు గాని, వరద వచ్చాక వేయరు. అలాగే ఎన్ని ఆటలు ఆడాలో ఫోను ముట్టకముందే కాగితం మీద రాయండి. ఆట మధ్యలో నిర్ణయిస్తే, ఆ నిర్ణయం చేసేది మీరు కాదు, కోరిక.

ఆట పంపే పిలుపు మోతలను ఫోనులో ఆపేయండి. షుల్జ్ కోతికి దీపం ఎటువంటిదో మీకు ఆ మోత అటువంటిది. దీపం వెలగకపోతే కోరికా అంతగా లేవదు. ఆటకు వాడే ఫోనులో డబ్బు చెల్లించే రహస్య సంఖ్య మీకు తెలియకుండా ఉంచమని అమ్మానాన్నలను మీరే అడగండి. రాత్రి ఫోను పడుకునే చోటికి దూరంగా ఉండాలి. మీ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే.

ఆటలోని కిటుకును చదువుకూ వాడవచ్చు. అధ్యాయమంతా ఒకేసారి ముందు పెట్టుకోకండి. ఐదు లెక్కలు చేసి వెంటనే జవాబులు సరిచూసుకోండి. మీకు వచ్చిన దానికంటే అంగుళం కష్టమైనవి ఏరుకోండి. తెలియని ప్రశ్నకు జవాబు దొరికిన క్షణంలో మెదడులో పనిచేసేదీ ఆ డోపమినే. గవ్వలు ఏమి పడతాయోనని ఊపిరి బిగబట్టే మెదడే, పరీక్షనాళికలో రంగు మారుతుందా అని కూడా ఊపిరి బిగబడుతుంది.

ఇక మీరు చేయవలసిన ప్రయోగాలు రెండు. మొదటిది, నాలుగు రూపాయి బిళ్లలను 80 సార్లు వేయండి. నాలుగూ బొమ్మ గాని, నాలుగూ బొరుసు గాని ఎన్నోసారి పడ్డాయో రాసుకోండి. మొత్తం 10కి దగ్గరగా రావాలి. వాటి మధ్య ఎడం ఎలా మారుతున్నదో చూడండి. రెండవది, ఒక వారంపాటు రోజూ మూడు గళ్ల పట్టిక నింపండి: ఎంతసేపు ఆడాలనుకున్నాను, ఎంతసేపు ఆడాను, చివరి అరగంటలో నిజంగా ఆనందం కలిగిందా. ఎవరికీ చూపించనక్కర లేదు. ఏడు రోజులయ్యాక మొదటి రెండు గళ్లనూ గ్రాఫు కాగితం మీద పక్కపక్కనే గీయండి. ఆ రెండు గీతల మధ్య ఎడం ఉంటే, అంతమేర ఆట మిమ్మల్ని ఆడిస్తున్నదన్నమాట. ఆ ఎడాన్ని రోజుకు కొంచెం తగ్గించడం మీ చేతిలోనే ఉంది.